ఖాళీ జాగా అని రాశారు

మా ఇంట్లో పొయ్యి మండుతూనే ఉంది, మా జాగా అమ్ముడుపోయింది. అమ్మింది సర్కారు. కొన్నది ముక్కూ మొహం తెలియని మనిషి. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం, అతను హద్దులకు రాతి కడీలు పాతించడానికి ట్రాక్టరు తెచ్చిన పొద్దున.

ఆ పొద్దున నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. మూడో రొట్టె పెనం మీద ఉంది. బయట రాళ్లు దించుతున్న చప్పుడు వినబడింది కానీ పట్టించుకోలేదు. మాది తాండూరు నుంచి యాలాల్ వైపు పోయే దారి. ఊరి పేరు రాయను, ఆఫీసు పేరూ రాయను. చుట్టూ బండల గనులు, పాలిష్ మిషన్లు, పొద్దున లేస్తే రాళ్లు ఎక్కించడం, రాళ్లు దించడం. ఆ చప్పుడు మాకు కోడి కూత లాంటిది. తలుపు దగ్గర నీడ పడితే అప్పుడు తలెత్తాను. ఇద్దరు మనుషులు నా బట్టలు ఆరేసిన తీగ కింద నుంచి టేపు లాగుతున్నారు. ఒకడు నా చీర కొంగును పక్కకు జరిపి మరీ కొలుస్తున్నాడు.

ఎవరయ్యా మీరు అంటే వాళ్లు వెనక్కి తిరిగి దారి వైపు చూశారు. మోటారుసైకిల్ దిగి ఒక మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కాగితాల సంచి. బాగా మర్యాదస్తుడు, అది నిజమే చెప్పాలి. తాండూరులో కందుల వ్యాపారం అని తర్వాత తెలిసింది.

"గీ జాగ నేను వేలంల కొన్ననమ్మా. పన్ను కట్టలేదని సర్కారే అమ్మింది. నెల టైమిస్త. ఆరాముగ సామాను తీసుకోండ్రి" అన్నాడు.

పెనం మీద రొట్టె మాడిన వాసన వస్తోంది. లోపలికి పోయి పొయ్యి ఆర్పాను. ఎందుకు ఆర్పానో తెలియదు. ఇల్లు పోయిందని చెబితే ముందు పొయ్యి ఆర్పుతారా ఎవరైనా?

ఆ జాగా ఎలా వచ్చిందో చెప్పాలి. నేనూ నా భర్తా ఒకే పాలిష్ మిషన్‌లో పన్నెండేళ్లు పని చేశాం. ఆయన బండలు ఎత్తిపెట్టేవాడు, నేను పైపు పట్టుకొని బండ మీద నీళ్లు వదిలేదాన్ని. చలికాలం నా వేళ్లు తెల్లగా ముడతలు పడి, పిండి పిసికితే మండేవి. అట్లా కూడబెట్టిన దాంతో ఆ ముక్క కొన్నాం. ఒక గది, ముందర రేకుల కప్పు, వెనక స్నానానికి నాలుగు బండలు నిలబెట్టిన చాటు. మా ఇద్దరి వైపులా ఎవరికీ సొంత జాగా ఉన్నది లేదు. మా అత్తామామలు పెద్ద రైతుల పొలాల్లో జీతం ఉండి, వాళ్ల దొడ్లోనే గుడిసె వేసుకున్నవాళ్లు. ఆయన ఆ గది కట్టిన రోజు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించాడు. ప్రార్థన అవుతుంటే కళ్లు మూసుకోకుండా గోడలు చూస్తూ నిలబడ్డాడు. నేను చూశాను.

రాతి పొడి ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. నా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఆయన పోయాడు.

ఇక పన్ను సంగతి. దాచను, బాకీ ఉన్నది నిజమే. మాది పంచాయతీగా ఉన్నప్పుడు పన్ను వసూలు చేసే కారోబారు మా గడపకే వచ్చేవాడు. అదీ ఎప్పుడు? కందులు అమ్ముడై అందరి చేతుల్లో నాలుగు పైసలు ఆడే దినాల్లో. అరుగు మీద కూర్చొని, ఛాయ తాగి, మా ఆయన పేరు రాసి రసీదు చించి ఇచ్చేవాడు. తర్వాత మా ఊరు పట్టణంలో కలిసింది. కొత్తగా వచ్చినవాళ్లు మా తలుపు పక్క బండ మీద ఎర్రరంగుతో కొత్త నంబరు వేసి పోయారు. ఆ కారోబారు మళ్లీ రాలేదు. నేను ఎదురుచూశాను. చీటీ వస్తుంది, కడతాం అనుకున్నాను. మా వాడలో అందరం అట్లాగే అనుకున్నాం. మనమే ఆఫీసుకు పోయి "నా దగ్గర పన్ను తీసుకోండి" అని అడగాలని మాకెవరూ చెప్పలేదు.

ట్రాక్టరు వచ్చిన రోజే ఆఫీసుకు పోయాను. అక్కడ పన్నులు చూసే ఇన్‌స్పెక్టరు సారు, నా కంటే చాలా చిన్నవాడు, రిజిస్టరు తీశాడు. మూడుసార్లు నోటీసు అంటించామన్నాడు. మా గడప మీద ఏ కాగితమూ లేదు సారూ అంటే, ఫోన్ తీసి ఫోటో చూపించాడు. ఎర్రరంగుతో మా నంబరు రాసి ఉన్న బండ, దాని మీద తెల్ల కాగితం. నంబరు మాదే. బండ కూడా మాదే, అంచున పెచ్చు ఊడిన చోటుతో సహా గుర్తుపట్టాను. కానీ ఫోటోలో పక్కన ఒక కొమ్ము కనబడుతోంది. మేక కొమ్ము.

అప్పుడు వెలిగింది నాకు. మా ఆయన పోయి ఏడాది తిరగకముందే మా మిషన్ యజమాని, అంచులు విరిగిన పాలిష్ బండలు కొన్ని నాకు ఊరికే ఇచ్చాడు. వాకిలి ముందర వేయించుకున్నాను. తలుపు పక్కన గోడకు నిలబెట్టిన పాత బండను మేస్త్రీ తీసేశాడు. మా దగ్గర బండను ఎవరూ పారేయరు. ఒక ఇంట్లో పాతదైతే ఇంకో ఇంటికి మెట్టవుతుంది, అక్కడ అరిగితే బట్టలుతికే రాయవుతుంది. వాడ చివర మేకలు కాచుకునే కురుమ పెద్దాయన ఒకడున్నాడు, నన్ను చెల్లె అని పిలుస్తాడు. నాకియ్యి చెల్లె, దొడ్డి గోడకు సందు పడ్డది, మేకపిల్లలు దూరిపోతున్నయి అని అడిగితే తీసుకుపొమ్మన్నాను. నంబరు సంగతి నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. నున్నటి పక్క బయటికి పెట్టి నిలబెట్టాడు. నంబరు ఆ పక్కే ఉంది.

ఆఫీసు నుంచి నేరుగా ఆయన దొడ్డికి పోయాను. అన్నా, నీ దొడ్డి గోడకు ఎవరన్నా కాగితాలు అంటించారా అని అడిగాను.

"అతికిచ్చిండ్రు చెల్లె, మూడుసార్లు. ఓట్ల కాయితాలనుకున్న. మైదపిండితోని అతికిచ్చిరి, వాండ్లు మూల తిరిగిండ్రో లేదో మా మేకలు నాకి, కాయితంతోటి మింగినయి. మూడోసారి కల్ల వాండ్ల బండి సప్పుడు ఇంటెనే మేకలు గోడ కాడికి ఉరికినయి."

నవ్వొచ్చింది. ఆ మంటలో కూడా నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. అంటించిన మనిషికి కళ్లున్నాయి కదా. అది మేకల దొడ్డి అని కనబడింది కదా. మూడుసార్లు వచ్చాడు. పక్కనే కూర్చున్న ముసలాయనను, ఈ నంబరు మనుషులు ఎక్కడ ఉంటారని ఒక్క మాట అడిగితే మా ఇల్లు నలభై అడుగుల దూరం. అడగలేదు. ఫోటో తీసుకొని పోయాడు. వాళ్లకు కావాల్సింది ఫోటో. మనిషి కాదు.

మర్నాడు మళ్లీ ఆఫీసుకు పోయి జరిగింది చెప్పాను. బాకీ ఎంతుందో చెప్పండి, వడ్డీతో సహా కట్టేస్తా అన్నాను.

"అమ్ముడయినంక మా చేతుల ఏం లేదమ్మా. నంబరు బండ తీసుకపోయి మేకల దొడ్డికిస్తే తప్పు నీదా, మాదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. మేకలను పిలిచి సాక్ష్యం అడగమన్నాడు ఒకడు. నేను తల దించుకొని వచ్చేశాను. ఆ తల దించుకున్నందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే. బండ ఇచ్చింది నేనే, అది ఒప్పుకుంటాను. కానీ బండ ఇస్తే ఇల్లు ఇచ్చినట్టా?

నా బిడ్డ వికారాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటరు పని చేస్తుంది. రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆమె ఏడవలేదు, నన్నూ ఏడవనివ్వలేదు. దవాఖానకు వచ్చే ఒక వకీలును అడిగి తెలుసుకుంది. సర్కారు చేసిన అమ్మకాన్ని కూడా పద్ధతి తప్పితే రద్దు చేయించవచ్చట. దానికి జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టాలట. వికారాబాద్‌లో అర్జీ పెట్టాం. విచారణ అయ్యేదాకా మమ్మల్ని కదిలించొద్దని కాగితం ఇచ్చారు. అప్పటికే ఆ వ్యాపారి మూడు పక్కల కడీలు పాతించాడు. నాలుగో పక్క మేము నడిచే దారి కాబట్టి వదిలాడు. రోజూ ఆ కడీల మధ్య నుంచే నేను పనికి పోయి వచ్చేదాన్ని. ఎవరి ఇంటికో దొంగతనంగా పోతున్నట్టు ఉండేది.

నా బిడ్డ సమాచార హక్కు కింద వేలం ఫైలు అడిగింది. నెల దాటాక నకలు వచ్చింది. వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పోయే బండి కోసం కూర్చొని, ఆమె చదువుతుంటే నేను విన్నాను. నేను ఐదో తరగతి దాకా చదివాను, కూడబలుక్కొని చదవగలను. కానీ ఆఫీసు తెలుగు నాకు కొరుకుడు పడదు. సదరు ఖాళీ జాగా అని ఉంది. ఇల్లు అని ఎక్కడా లేదు. ఖాళీ జాగా, ఖాళీ జాగా అని నాలుగు చోట్ల ఉంది. తర్వాతి కాగితంలో, వేలం గురించి వాడలో డప్పు చాటింపు వేయించితిమి అని ఉంది. చాటింపు వేసిన మనిషి పేరు, పక్కన వేలిముద్ర.

నా బిడ్డ అక్కడ ఆగిపోయింది. ఏమైందే, చదువు అన్నాను.

"నాయిన పేరున్నదమ్మా" అంది.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే పేరు, ఇంటిపేరుతో సహా. మా ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు ఏ చాటింపు ఉన్నా మా ఆయనే వేసేవాడు. అది వాళ్ల తాతల నుంచి వచ్చిన పని. నీళ్లు రావన్నా, పశువులకు సూదులు వేస్తారన్నా, మిషన్ పని నుంచి వచ్చి ఒళ్లు కడుక్కొని, డప్పును మంట దగ్గర వెచ్చ చేసుకొని వాడంతా తిరిగేవాడు. ఆయన పోయాక మా దగ్గర డప్పు చాటింపు లేదు. ఆటోకు మైకు కట్టుకొని తిరుగుతారు. వేలం జరిగింది ఆయన పోయిన మూడో ఏడు. సమాధిలో ఉన్న మనిషి లేచి వచ్చి, సొంత ఇల్లు అమ్ముడుపోతోందని సొంత పెళ్లాం వాకిట్లో డప్పు కొట్టి, వేలిముద్ర వేసి మళ్లీ పోయి పడుకున్నాడట.

ఆ వేలిముద్ర ఇంకొక అబద్ధం. మా ఆయన వేలిముద్ర వేసే మనిషి కాదు. పెళ్లయ్యాక నేనే ఆయనకు సంతకం నేర్పాను. పని మధ్యలో భోజనానికి కూర్చున్నప్పుడు, బండల మీద కొలత గీసే సుద్దముక్కతో రాసి చూపేదాన్ని. ఆయన తడి గుడ్డతో తుడిచి మళ్లీ రాసేవాడు. సంతకం వచ్చాక ఒక్క కాగితం మీద కూడా వేలు పెట్టలేదు. కూలీ పట్టీలో మేస్త్రీ సిరా డబ్బా జరిపితే, పక్కకు నెట్టి కలం అడిగేవాడు.

బండి వచ్చింది, పోయింది. మేము ఎక్కలేదు. అప్పటిదాకా తప్పు కొంత నాదే అనుకున్నాను. బండ ఇచ్చాను, చీటీ కోసం కూర్చున్నాను, అడగలేదు అని రోజూ నన్ను నేను తిట్టుకున్నాను. నేను నన్ను తిట్టుకుంటుంటే, వాళ్లు కుర్చీలో కూర్చొని, చచ్చిపోయిన మనిషి వేలు తయారు చేసుకున్నారు.

విచారణ రోజు జిల్లా ఆఫీసులో ఒక మేడం కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కందుల వ్యాపారి వచ్చాడు, మా వైపు నేనూ నా బిడ్డా. మేకల పెద్దాయన కూడా వస్తానని కొత్త రుమాలు చుట్టుకొని వచ్చాడు. ఇన్‌స్పెక్టరు తన ఫోటోలు చూపించి మేకల దొడ్డి కథ చెప్పాడు. మేడం కూడా నవ్వు ఆపుకున్నారు, నేను చూశాను. పెద్దాయనను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. కాగితాలు మేకలు తిన్నాయని, తనకు చదువు రాదని, ఆ ఇంటామె గురించి తననెవరూ అడగలేదని.

నన్ను అడిగారు. నేను ఎక్కువ మాట్లాడలేదు. నా భర్త మరణ పత్రం బల్ల మీద పెట్టాను. చాటింపు కాగితం దాని పక్కన పెట్టాను. రెండింటి మీదా ఒకే ఆఫీసు ముద్ర. చచ్చిపోయాడని రాసిచ్చింది వాళ్లే, డప్పు కొట్టాడని రాసుకున్నదీ వాళ్లే.

మేడం రెండింటి తేదీలూ చూశారు. ఇదేమిటని ఇన్‌స్పెక్టరును అడిగారు.

"పాత ఫార్మాటు మేడం. పేరు గట్లనే ఉండిపోయింది" అన్నాడు.

"యేలిముద్ర గూడ ఫార్మాట్లనే ఉంటదా సారూ?" అని అడిగాను.

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు ఈసారి.

మేడం నన్ను ఇంకొక మాట అడిగారు. పద్ధతి తప్పినంత మాత్రాన చాలదట, దానివల్ల నాకు నష్టం జరిగిందని కూడా చూపించాలట. నీకేం నష్టం అమ్మా అన్నారు. ఆమె తప్పేమీ లేదు, రూలు అట్లా ఉంది. కానీ నా కడుపులో ఉన్నదంతా అప్పుడు బయటికి వచ్చింది.

"ఖాళీ జాగ అని రాసిండ్రు మేడం. గా ఖాళీలనే నేను వండుకుంటున్న, పండుకుంటున్న. నా పెనిమిటి శవం గా ఖాళీలనే పండవెట్టుకొని ఏడ్చిన. పన్ను బాకీ ఉన్నది, కడ్త. నన్ను తిట్టుండ్రి, జుర్మానా ఎయ్యుండ్రి. గని నేను లేనని ఎట్ల రాస్తరు?"

మేడం కలం మూత పెట్టి, వ్యాపారిని ఏదో అడిగారు. మమ్మల్ని పొమ్మన్నారు.

ఆరు వారాలకు ఉత్తర్వు వచ్చింది. అమ్మకం రద్దు. కట్టిన సొమ్ము కొన్నవాడికి తిరిగి ఇవ్వాలి, రిజిస్టరులో మా పేరు మళ్లీ ఎక్కించాలి, నేను బాకీ పన్ను కట్టాలి. నా బిడ్డ చదువుతూ చదువుతూ ఏడ్చింది, మొదటిసారి. నేను మాత్రం, ఆ డప్పు గురించి ఏం రాశారో చదవమన్నాను. విధానపరమైన లోపాలు జరిగినందున అని ఉంది. అంతే. లోపాలట. అన్నంలో ఉప్పు తక్కువైతే లోపం. చనిపోయిన మనిషి వేలు పెట్టడం లోపమా? ఎవరు రాశారు, ఎవరి వేలు అది, ఒక్క ముక్క లేదు. ఆ వేలు ఎవరిదో నేను బతికుండగా తెలుస్తుందన్న ఆశ నాకు లేదు.

పన్ను అదే వారం కట్టాను. రసీదు తీసుకున్నాను. కంప్యూటరులో మా పేరు ఎక్కడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. పోయినప్పుడల్లా, అయితది అమ్మా, సర్వర్ డౌన్ ఉంది అనేవారు. అమ్మేటప్పుడు ఏ సర్వరూ డౌన్ కాలేదు. ఐదోసారి పోయినప్పుడు, అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటానని గడప దగ్గర కింద కూర్చున్నాను. మధ్యాహ్నానికి అయింది. అచ్చు కాగితం చేతిలో పెట్టారు. నా పేరు నేనే కూడబలుక్కొని చదువుకున్నాను. కింద, ఇల్లు అని ఉంది. ఖాళీ జాగా అని లేదు.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కందుల వ్యాపారి మా ఇంటి ముందర నిలబడి ఉన్నాడు. తన కడీలు తీసుకుపోవడానికి ట్రాక్టరు తెచ్చాడు. తీసుకుపొమ్మన్నాను. కూలీలు గడ్డపారలతో తవ్వుతున్నారు. ఎండ మండిపోతోంది. అతను రేకుల నీడకు వచ్చి నిలబడి, తనకూ సొమ్ము ఇంకా పూర్తిగా తిరిగి రాలేదని, తనూ మోసపోయినట్టేనని చెప్పుకొచ్చాడు.

"నేను కాయితం సూసి కొన్ననమ్మా. ఖాళీ జాగ అని ఉండె" అన్నాడు.

"కొనకముందు జాగ సూడనీకె వచ్చినవా?" అని అడిగాను.

వచ్చానన్నాడు. అబద్ధం ఆడలేదు, ఆ మాత్రం మర్యాద ఉంది అతనికి.

"తీగ మీద బట్టలు కనబడలేదా?"

అతను కూలీల వైపు తిరిగి, తొందరగా కానియ్యమన్నాడు.

చివరి కడీ ట్రాక్టరు ఎక్కేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పెదవులు తడుపుకుంటూ ఒకసారి నా వైపు, ఒకసారి లోపలున్న కుండ వైపు చూశాడు. నేను గడపలోనే నిలబడ్డాను. వస్తానమ్మా అని చెప్పి పోయాడు.

"అమ్మా, గా మనిషికి నీళ్లన్న ఇయ్యకపోతివి" అంది నా బిడ్డ.

నా గడప దాకా వచ్చిన మనిషిని నీళ్లు ఇవ్వకుండా పంపడం నా పుట్టుకలో అదే మొదలు. కారోబారుకు ఛాయ ఇచ్చాను, బిచ్చగాళ్లకు మజ్జిగ ఇచ్చాను, దారి తప్పి వచ్చిన కన్నడపోళ్లకు రొట్టె కూడా పెట్టాను.

"ఇయ్యలే" అన్నాను. లోపలికి పోయి పొయ్యి వెలిగించాను.